కుక్కకున్నపాటి హక్కు

ఈ దేశంలో కుక్కకు నడిచే హక్కు ఉంది. మాటవరసకు అనడం లేదు, చట్టంలోనే ఉంది. 1960 నాటి జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం, సెక్షన్ 11 తీసి చూడండి. ఎప్పుడూ గొలుసుతో కట్టేసి ఉంచే కుక్కను, ఇరుకులో మూసిపెట్టే కుక్కను యజమాని తగినంతగా తిప్పకపోతే నేరం. ఏ జంతువునైనా కదలడానికి వీల్లేనంత చిన్న బోనులో పెట్టినా నేరమేనని అదే సెక్షన్ చెబుతుంది. మొదటి తప్పుకు జరిమానా 50 రూపాయలకు మించదు లెండి. యాభై రూపాయలైతేనేం, కుక్క తరఫున ప్రభుత్వం ఒక మాట అంది.

ఖైదీకీ ఉంది. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించి, నెల్సన్ మండేలా పేరు పెట్టుకున్న జైలు నియమాల్లో 23వది చూడండి. ఆరుబయట పని లేని ప్రతి ఖైదీకీ, వాన గట్రా అడ్డం రాకపోతే, రోజుకు కనీసం ఒక గంట బయటి గాలిలో వ్యాయామం దొరకాలి. ఫ్యాక్టరీ కార్మికుడికీ ఏనాడో దక్కింది. ఐదు గంటలకు మించి ఏకబిగిన పని చేయించకూడదు, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలి, రోజుకు తొమ్మిది గంటలు దాటకూడదు అని 1948లో ఫ్యాక్టరీల చట్టం రాసినవాళ్ళు రాసిపెట్టారు.

ఇక మిగిలింది ఒక్క జీవి. ఇంటర్మీడియట్ ఫస్టియర్, ఎంపీసీ, రెసిడెన్షియల్.

ఈ జీవికి తెల్లవారుజామున ఐదింటికి ఈల వేస్తారు. ఆరింటికల్లా పుస్తకం ముందు కూర్చోవాలి, దాని పేరు మార్నింగ్ స్టడీ అవర్. ఎనిమిదికి క్లాసులు మొదలు, పన్నెండున్నర దాకా. భోజనం. ఒకటిన్నర నుంచి నాలుగున్నర దాకా మళ్ళీ క్లాసులు. ఓ టీ, రెండు బిస్కెట్లు. అయిదున్నర నుంచి రెండు గంటలు స్టడీ అవర్. రాత్రి భోజనం. ఎనిమిదిన్నర నుంచి లైట్లు ఆర్పేదాకా ఇంకో స్టడీ అవర్. క్యాంపస్‌ను బట్టి ఓ అరగంట అటూ ఇటూ ఉంటుంది గానీ, కూడి చూస్తే రోజుకు పదమూడు గంటలు కుర్చీలోనే. ఆ కుర్రాడు నిటారుగా ఉండేది బకెట్ పట్టుకుని బాత్రూమ్ లైన్లో నిలబడ్డంతసేపే. ఆదివారమైనా కాళ్ళు చాపుకుంటాడనుకునేరు. ఆదివారం వీకెండ్ టెస్ట్. మూడు గంటలు కదలకుండా కూర్చుని రాస్తేనే సోమవారం కదలకుండా కూర్చోవడానికి ఏ సెక్షన్‌లో చోటు దొరుకుతుందో తేలుతుంది.

క్యాంపస్ అనగానే చెట్లూ చేమలూ ఊహించుకోకండి. కింద టైర్ల షాపు, పక్కన ఏటీఎం, పైన ఐదంతస్తుల చదువు. "గ్రౌండ్ ఉందాండీ?" అని ఒక తండ్రి అడిగాడట. "ఉంది సార్. గ్రౌండ్, ఫస్ట్, సెకండ్, మూడూ మనవే" అన్నాడట పీఆర్వో. నిజంగా జరిగిందో లేదో నాకు తెలియదు. విన్నవాళ్ళెవరూ అబద్ధమనలేదు.

మన చదువులో ఒంటి భంగిమలకు అర్థాలు ఏనాడో ఖరారైపోయాయి. కూర్చోవడం చదువు. నిలబడడం శిక్ష. హోంవర్కు చేయనివాడు బెంచీ ఎక్కాలి, ఎక్కం తప్పినవాడు గోడకుర్చీ వేయాలి, అల్లరి చేసినవాడు గుమ్మం బయట నిలబడాలి. వీధిబడుల కాలంలో కోదండం ఉండేది, దూలానికి కట్టిన తాడు పట్టుకుని వేలాడాలి. గుంజీల కథ మరీ విచిత్రం. చెవులు పట్టుకుని లేచి కూర్చోవడం ఇక్కడ పరువు తీసే శిక్ష. అదే పనికి సూపర్ బ్రెయిన్ యోగా అని పేరు పెట్టి అమెరికాలో కొందరు మెదడుకు మంచిదని చేస్తున్నారు. మెదడు సంగతి పక్కన పెట్టినా, పది గుంజీలు తీసినవాడు కాసేపు లేచినట్టే లెక్క. 2009 విద్యాహక్కు చట్టం శారీరక శిక్షలను నిషేధించింది, మంచిదే. పిల్లవాణ్ణి గంట నిలబెడితే శిక్ష అని పోల్చుకున్నాం. పదమూడు గంటలు కూర్చోబెడితే మాత్రం దానికి రసీదు ఇస్తున్నాం.

ఇక నడక. అది శిక్ష కూడా కాదు, ఏకంగా నేరం. స్టడీ హాల్లో లేచినవాడు అనుమానితుడు. "ఎక్కడికిరా?" "వాటర్ సార్." పిల్లలేం తెలివితక్కువవాళ్ళు కారు. నిండు బాటిల్‌ను గటగటా తాగేస్తారు, లేదంటే పక్కవాడి బాటిల్లోకి ఒంపేస్తారు, ఖాళీ బాటిల్ ఊపుతూ లేస్తారు. కారిడార్ చివర ఫిల్టర్ దాకా ఓ నలభై అడుగులు, తిరిగొచ్చేటప్పుడు నలభై. తాగిన నీళ్ళు గంట తిరక్కుండా బాత్రూమ్ దాకా ఇంకో నడకకు పర్మిషన్ తెచ్చిపెడతాయి. కేరళ 2019లో మొదలుపెట్టిన వాటర్ బెల్ మన బడుల్లోకీ వచ్చింది. పిల్లలు నీళ్ళు తాగాలని గంట కొట్టడం మంచి ఆలోచన. ఇంటర్ పిల్లలు మాత్రం నీళ్ళను వేరే పనికి వాడుకోవడం అంతకు చాలా ముందే కనిపెట్టారు.

అంత పెద్ద హాల్లో స్వేచ్ఛగా నడిచేవాడు ఒక్కడే ఉంటాడు, వార్డెన్. చేతులు వెనక్కి కట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకు, రాత్రి పదిన్నర దాకా. 1953లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు, ఆయన సహచరులు కలిసి లండన్ రెండంతస్తుల బస్సుల సిబ్బంది గుండెలను పరిశీలించి లాన్సెట్ పత్రికలో రాశారు. అవే బస్సులు, అదే కంపెనీ, అవే రోడ్లు. రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్లకంటే, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. మన స్టడీ హాలూ అలాంటి బస్సే. అందులో కండక్టర్ వార్డెన్, డ్రైవర్లు ఎనభై మంది. నడక వల్ల వచ్చే లాభమంతా ఆ హాల్లో ఒక్కరికే పోతోంది. ఎంట్రన్స్ ఆయన చేత రాయించే ఆలోచన మేనేజ్‌మెంట్‌కు ఇంకా రాలేదు.

నడిస్తే ఏమవుతుంది, కూర్చుంటే ఏమవుతుంది అన్నది కొలిచినవాళ్ళు ఉన్నారు. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో పరిశోధకులు ఆఫీసు ఉద్యోగుల్ని నాలుగు గంటలు కూర్చోబెట్టి, మెదడుకు వెళ్ళే రక్తం వేగాన్ని కొలిచి 2018లో ప్రచురించారు. కదలకుండా కూర్చుంటే ఆ వేగం తగ్గింది. అరగంటకోసారి లేచి రెండే రెండు నిమిషాలు నడిస్తే తగ్గలేదు. ఇంతవరకూ బాగానే ఉంది. అసలు రుచి తర్వాతి ముక్కలో ఉంది. రెండు గంటలకోసారి ఎనిమిది నిమిషాలు నడిపించి చూస్తే ఆ ఫలితం అంతగా దక్కలేదు. మొత్తం నడక సమానమే, విడగొట్టిన తీరులోనే తేడా. "మేం లంచ్ బ్రేక్ ఇస్తున్నాం కదండీ, స్నాక్స్ బ్రేక్ ఇస్తున్నాం కదండీ" అనే డీన్‌గారికి ఇది ఎవరైనా చదివి వినిపించాలి. ఆయన్ను నిలబెట్టి వినిపిస్తే ఇంకా మంచిది.

అమెరికాలోని ఇలినాయ్‌లో తొమ్మిది, పదేళ్ళ పిల్లల్ని 20 నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద నడిపించి, తర్వాత పరీక్షలు పెట్టారు. 2009 నాటి మాట. కూర్చుని వచ్చిన రోజుకంటే నడిచి వచ్చిన రోజు దృష్టి బాగా నిలిచింది, చదివింది బాగా అర్థమైంది. ఫిన్లండ్ బడుల్లో ఇలాంటివాటికోసం ఎవరూ ఎదురుచూడలేదు. నలభై అయిదు నిమిషాల పాఠం తర్వాత పదిహేను నిమిషాలు బయటికి తోలడం అక్కడ మామూలు విషయం. మంచు పడుతున్నా తోలుతారు. మనకు ఎండ ఎక్కువ కదా అంటారా? మన వార్డెన్లు జనవరిలో కూడా తోలరు.

అయితే నిజం చెప్పుకోవాలి. నడిస్తే మెదడు ఇంజిన్‌లా పరుగెడుతుందని ప్రచారం చేసేవాళ్ళకు మింగుడుపడని ఫలితమూ ఒకటి ఉంది. కొలరాడోలో 30 మంది పెద్దవాళ్ళను మూడు రకాలుగా ఉంచి చూశారు. ఒకరోజు ఆరు గంటలు కూర్చోబెట్టారు. ఇంకోరోజు పొద్దున్నే అరగంట నడిపించి తర్వాత కూర్చోబెట్టారు. మరో రోజు గంటకోసారి ఐదు నిమిషాలు నడిపించారు. 2016లో వచ్చిన ఫలితం ఇదీ. గంటకోసారి నడిచిన రోజున ఉత్సాహం పెరిగింది, అలసట తగ్గింది, మనసు తేలికపడింది, ఏదో ఒకటి తినాలన్న యావ కూడా తగ్గింది. మరి ఆలోచనా శక్తి పరీక్షల్లో? తేడా ఏమీ లేదు. కూర్చున్నా అంతే, నడిచినా అంతే.

ఈ కాగితం పట్టుకెళ్ళి ఏ కాలేజీ యాజమాన్యం ముందైనా పెట్టండి. వాళ్ళు చదివే తీరు నేను ఇక్కడినుంచే చెప్పగలను.

"మార్కులు పెరిగాయా?"

"లేదండీ. మనసు బాగుపడింది."

"ఆ సబ్జెక్టుకు ఎన్ని మార్కులు?"

అక్కడితో మీటింగ్ అయిపోతుంది. నడక వల్ల కచ్చితంగా బాగుపడేది పిల్లవాడి మనసు. మార్కులు బాగుపడతాయా అంటే ఒక పరిశోధన అవునంటుంది, ఇంకొకటి తేడా లేదంటుంది. మన వ్యవస్థకు కావలసింది మార్కులు మాత్రమే కనక, మనసును చెత్తబుట్టలో వేస్తారు. పదహారేళ్ళ పిల్లవాడు సాయంత్రానికి కాస్త తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు అన్నది చాలినంత కారణం కాదట. దానికి ఓ ర్యాంకు గ్యారంటీ కూడా జతచేసి ఇవ్వాలట. నడక మంచిదని వాదించే మనలాంటివాళ్ళం కూడా 'నడిస్తే మార్కులు పెరుగుతాయండీ' అని బతిమాలే స్థితికి వచ్చాం. ఊపిరి పీల్చుకోవడం కూడా మెయిన్స్‌కు ఉపయోగపడుతుందని రేపు నిరూపించాల్సి వస్తుందేమో.

ఒక్క విషయంలో మాత్రం యాజమాన్యాలకు నేను చేతులెత్తి మొక్కుతాను. స్టాన్‌ఫర్డ్‌లో మారిలీ ఒపెజో, డేనియల్ ష్వార్ట్జ్ చేసిన ప్రయోగాలు 2014లో వచ్చాయి. మామూలు వస్తువును ఎన్ని కొత్త రకాలుగా వాడవచ్చో చెప్పమంటే, కూర్చున్నప్పటికంటే నడుస్తున్నప్పుడు జనానికి సగటున 60 శాతం ఎక్కువ ఆలోచనలు తట్టాయి. నడిచింది తోటలో కూడా కాదు, ఉత్త గోడను చూస్తూ ట్రెడ్‌మిల్ మీద నడిచినా అంతే. కానీ, సరైన జవాబు ఒక్కటే ఉండే ప్రశ్నలకు మాత్రం నడక సాయపడలేదు, కాస్త వెనక్కి కూడా లాగింది. చూశారా! జేఈఈ మెయిన్‌లో ఎక్కువ ప్రశ్నలకు నాలుగు ఆప్షన్లు, ఒక జవాబు. నీట్‌లో 180 ప్రశ్నలు, దిద్దాల్సిన వృత్తాలు 180. అక్కడ కొత్త ఆలోచన తట్టినవాడు మునిగిపోతాడు. బొత్తాన్ని పదిహేను రకాలుగా వాడొచ్చని తెలిసిన కుర్రాడు ఐదో ఆప్షన్ కోసం వెతుకుతూ కూర్చుంటే నెగటివ్ మార్కులు ఎవరు భరిస్తారు? స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ల్యాబ్‌లో కనిపెట్టినదాన్ని మన కరస్పాండెంట్లు అనుభవం మీద ఎప్పుడో గ్రహించారు. ఆలోచన రాకుండా ఉండాలంటే ముందు కాళ్ళు ఆపాలి.

ఒకప్పుడు మన ఇళ్ళలో పిల్లలు ఎలా చదివేవాళ్ళో గుర్తుందా? మార్చి వస్తే డాబా మీద పచార్లు. చేతిలో సాంఘికశాస్త్రం, నోట్లో పానిపట్టు యుద్ధాలు, ఈ పిట్టగోడ నుంచి ఆ పిట్టగోడకు. కాలువ గట్టున ఒకడు, జామతోటలో ఒకడు, కరెంటు పోతే వీధిదీపం కింద ఇంకొకడు. ఎవరూ వాళ్ళకు పరిశోధనలు చదివి వినిపించలేదు. కూర్చుంటే నిద్రొచ్చేది, నడిస్తే వచ్చేది కాదు, అంతే. పుస్తకంలో ఒక వాక్యం చదివి, నాలుగడుగులు వేసి, తల పైకెత్తి మళ్ళీ చెప్పుకోవడం అన్న పద్ధతి ఒకటి ఉండేది. ఇప్పటి హాస్టల్లో అలా చేస్తే ముందు వార్డెన్, తర్వాత కౌన్సిలర్ వస్తారు.

పైగా ఇప్పుడు డాబా తలుపుకు తాళం. ఎందుకో మీకూ తెలుసు, నాకూ తెలుసు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో ఈ దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13 వేల మందికి పైన. అది కూర్చోబెట్టడం వల్లేనని నేను అనను, అనడానికి ఆధారమూ లేదు. అంత బరువైన విషయాన్ని ఒక్క కారణానికి కట్టేయడం తప్పు. నేను అనేది దిద్దుబాటు గురించి. పిల్లలకు మనసు బాగుండడం లేదని తెలిసినప్పుడు మనకు తట్టిన మొదటి ఉపాయాలు ఏవి? డాబాకు తాళం, కిటికీకి గ్రిల్, బరువు పడగానే కిందికి జారిపోయే స్ప్రింగ్ ఫ్యాను. ఆ ఫ్యాన్లు తప్పనిసరి అని 2023లో రాజస్థాన్‌లోని కోచింగ్ ఊరు కోటా అధికారులు ఆదేశాలే ఇచ్చారు. ప్రాణం కాపాడే దేన్నీ నేను ఎగతాళి చేయను, తాళం వేయాల్సిన చోట వేయండి. కానీ సాయంత్రం ఐదింటికి గేటు తీసి, "పోయి ఓ గంట తిరిగి రండర్రా" అనడానికి ఇంజనీరింగ్ అక్కర్లేదు. స్ప్రింగులూ అక్కర్లేదు. అందుకే కాబోలు దానికి టెండరు పిలవలేదు.

ఇంతకీ ఈ పిల్లల తండ్రులు ఏం చేస్తున్నారయ్యా అంటే, నడుస్తున్నారు.

పొద్దున్నే హైదరాబాద్ కేబీఆర్ పార్కుకో, విశాఖ ఆర్కే బీచ్‌కో వెళ్ళి చూడండి. విశాఖలో అయితే వీళ్ళకోసం తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు. చేతికి వాచీ, వాచీలో అడుగుల లెక్క, లక్ష్యం పదివేలు. ఆ పదివేల అంకె 1965లో ఒక జపాన్ కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరానికి పెట్టుకున్న పేరులోంచి పుట్టింది. ఆ సంగతి చెబితే మన నాన్నలకు కోపమొస్తుంది. "షుగర్ బోర్డర్‌లో ఉందండీ, గంటకోసారి లేచి నడవమన్నాడు డాక్టరు" అంటాడు ఒకాయన. "మీవాడు ఎలా చదువుతున్నాడు?" అంటాడు పక్కాయన. "బ్రహ్మాండం. సూపర్ బ్యాచ్‌లో పడ్డాడు. కూర్చున్నాడంటే సీటు మీంచి లేవడు." ఈ మాట అనేటప్పుడు ఆయన ఛాతీ ఎంత పొంగుతుందో చూడాలి. తాను లేచి నడవాలని తెలుసుకోవడానికి డాక్టరుకు ఐదువందలు ఇచ్చాడు. కొడుకు లేవకుండా చూడడానికి కాలేజీకి లక్షలు కట్టాడు. రెండు రసీదులూ ఒకే బీరువాలో భద్రంగా ఉంటాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ఈ నాన్నకు సరిగ్గా తలకిందులు. పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల కదలిక చాలు. ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాలు, అదీ ఒళ్ళు వెచ్చబడే కదలిక, కావాలి. అంటే కొడుకు తండ్రికంటే దాదాపు మూడు రెట్లు కదలాలి. జైలు నియమంలోనూ గంటే, ఈ లెక్కలోనూ గంటే. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని సామెత చెప్పిన జాతి మనది. కూర్చుని చదివితే మాత్రం కొండలు లేస్తాయని నమ్ముతోంది.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలా? ప్రపంచవ్యాప్తంగా 11 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో చాలినంత కదలనివాళ్ళు నూటికి 81 మంది. మగపిల్లల్లో 78, ఆడపిల్లల్లో 85. అబ్బాయిల హాస్టల్లో కారిడార్‌లో ప్లాస్టిక్ బాలుతోనైనా దొంగ క్రికెట్ ఆడతారు. అమ్మాయిల హాస్టల్లో కిటికీ దగ్గర నిలబడినా "ఎవరిని చూస్తున్నావ్?" అనే ప్రశ్న వస్తుంది.

ఇక నిలబడడం. రోజంతా నిలబడితే మంచిదా అంటే అదీ కాదు. అది చూడాలంటే దూరం పోనక్కర్లేదు. మన ఊళ్ళలో చాలాచోట్ల కాలేజీ కిందో, ఎదురుగానో ఓ పెద్ద బట్టల షాపు ఉంటుంది. అందులో కాలేజీ పిల్లలకంటే రెండుమూడేళ్ళు పెద్దవాళ్ళైన అమ్మాయిలు పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే చీరలు విప్పుతుంటారు. కూర్చుంటే సూపర్‌వైజర్ అరుస్తాడు. కేరళలో ఇలాంటి మహిళలు పోరాడి 2018లో చట్టం మార్పించుకున్నారు. తమిళనాడు 2021లో చట్టం చేసి, దుకాణాల్లో కుర్చీ ఇవ్వాల్సిందేనంది. ఇంత చిన్న కోరికకు ఉద్యమం కావలసి వచ్చింది. రోడ్డుకు ఆ పక్క కూర్చునే హక్కు లేని అమ్మాయి, ఈ పక్క లేచే హక్కు లేని అబ్బాయి. నాదో మనవి. అరగంటకోసారి గంట కొట్టి ఈ ఇద్దరినీ మార్చేయండి. ఆమె వచ్చి కాసేపు కాలేజీలో కూర్చుంటుంది, వీడు వెళ్ళి నాలుగు చీరలు మడతపెట్టి వస్తాడు. రోడ్డు దాటేటప్పుడు ఇద్దరికీ నడక. ఇద్దరు యజమానులకూ పైసా ఖర్చు లేదు. ఇంతకంటే చవకైన ఆరోగ్య పథకం ప్రభుత్వాల దగ్గర కూడా లేదు.

ఇదంతా రాస్తుంటే నాకు ఒక భయం పట్టుకుంది. నా మాట వాళ్ళు వినకపోతే సరే, వింటేనో?

టెక్సస్‌లో బడిపిల్లలకు నిలబడి రాసుకునే బల్లలు పెట్టి చూశారని, పాఠం మీద ధ్యాస మెరుగ్గా ఉందని మన కరస్పాండెంట్ చెవిన పడిందనుకోండి. మర్నాడే కుర్చీలు అమ్మేస్తారు. కుర్చీలు తీసేస్తే అరవై మంది పట్టే గదిలో తొంభై మందిని నిలబెట్టొచ్చు. దానికి 'స్టాండింగ్ స్టార్ బ్యాచ్' అని పేరు, ఫీజు అదనంగా ముప్పై వేలు. నడక మంచిదంటే 'న్యూరో వాక్' వస్తుంది. సెల్లార్‌లో ట్రెడ్‌మిల్, దాని ముందు తెర, తెర మీద ఆర్గానిక్ కెమిస్ట్రీ, మెడలో బార్‌కోడ్. అడుగులకు వీక్లీ టెస్ట్, అడుగుల్లో వెనకబడ్డవాడికి ఎక్స్‌ట్రా స్టడీ అవర్, అదీ కూర్చుని. నెల తిరిగేసరికి టీవీలో ఆ గొంతు మొదలవుతుంది, ఊపిరి తీసుకోకుండా: "నడకలో ఒకటి! ఒకటి! ఒకటి! రెండు! రెండు! మూడు!" చౌరస్తాలో ఫ్లెక్సీ, ఫ్లెక్సీ మీద పిల్లవాడి పాస్‌పోర్టు ఫొటో. కాళ్ళు కనపడని ఫొటో.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదంటే పాపం వస్తుంది. కార్పొరేట్ కాలేజీల్లో విద్యార్థుల ఆత్మహత్యల మీద ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే నీరదా రెడ్డి కమిటీ వేశారు. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు ఐదు గంటలకు మించి క్లాసులు వద్దు, మరీ పొద్దున్నే వద్దు, మరీ పొద్దుపోయాక వద్దు, వారానికో సెలవు ఇవ్వండి అంది. కోచింగ్ సెంటర్లకు అంది కనక మన కాలేజీలవాళ్ళు "మాది జూనియర్ కాలేజీ" అన్నారు. జూనియర్ కాలేజీకి వేళలు ఉన్నాయి కదా అంటే "ఇది హాస్టల్ స్టడీ అవర్" అంటారు. హాస్టల్ సంగతేమిటంటే "పేరెంట్సే అడిగారు" అంటారు. 2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో, విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. కమిటీలు, సర్క్యులర్లు, తీర్పులు అన్నీ వచ్చాయి. వచ్చినవన్నీ పిల్లల్లాగే కుదురుగా ఫైళ్ళలో కూర్చున్నాయి.

కాబట్టి ప్రభుత్వాన్ని అడగను. "పేరెంట్సే అడిగారు" అన్న మాట ఉంది చూశారూ, అందులో మాత్రం అబద్ధం లేదు. అడిగింది మనమే. స్టడీ అవర్ ఎన్ని గంటలని అడిగాం, వార్డెన్ ఎంత స్ట్రిక్టని అడిగాం, ఫోను ఇస్తారా అని అడిగాం, పోయినేడాది ర్యాంకులెన్నని అడిగాం. పక్క కాలేజీలో పదమూడు గంటలుంటే ఇక్కడ పన్నెండేనా అని మొహం చిట్లించాం. వాళ్ళు వ్యాపారస్తులు, అడిగిన సరుకు ఇచ్చారు.

వచ్చే ఏప్రిల్‌లో మళ్ళీ పీఆర్వో ఫోన్ చేస్తాడు. పదో తరగతి ఫలితాలు రాకముందే చేస్తాడు, మీ నంబరు ఆయనకెలా దొరికిందని అడగడం దండగ. "సీట్లు అయిపోతున్నాయి మేడమ్, అడ్వాన్స్ కట్టేయండి" అంటాడు. ఈసారి ర్యాంకుల సంగతి తర్వాత అడగండి. ముందు మూడు ప్రశ్నలు అడగండి. మా పిల్ల గంటలో ఎన్నిసార్లు లేవొచ్చు? సాయంత్రం ఏ మట్టి మీద నడుస్తుంది? ఆ మట్టి ఇప్పుడు చూపిస్తారా? పీఆర్వో తడబడితే తొందరపడి అడ్వాన్స్ కట్టకండి. సెక్షన్ 11 కుక్కకు ఇచ్చినంత హామీ కాగితం మీద రాసిస్తే అప్పుడు ఫీజు మాట్లాడుకోండి.